చూపు, వినికిడి రెండూ లేనివారితో మాట్లాడటం ఎలా?

అంధులకు మాట ఉంది, బధిరులకు సైగ ఉంది. రెండూ లోపించినవారికి ఏముంది? మన దాతలు తరచూ అడిగే ప్రశ్న ఇది. వారికి స్పర్శ ఉంది. పైగా చాలామందిలో చూపో, వినికిడో కొంత మిగిలే ఉంటుంది.

గర్భిణికి తొలి నెలల్లో రుబెల్లా సోకితే బిడ్డ కంటికీ చెవికీ కూడా దెబ్బ తగలవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో 2017 ఆగస్టులో మీజిల్స్-రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైంది. దాన్ని తప్పించుకోవద్దు. అషర్ సిండ్రోమ్ తీరు వేరు. వినికిడి లోపంతో పుట్టిన బిడ్డకు చాలావరకు బడి ఈడులోనో ఆ తర్వాతో రేచీకటి మొదలై, చూపు క్రమంగా కుంచించుకుపోతుంది. ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే జన్యులోపం. దగ్గరి సంబంధాలు కలుపుకునే పెద్దలు ఈ సంగతీ గుర్తుంచుకోవాలి.

చూపు తర్వాత పోయిన బధిరులకు సైగల భాష ముందే వచ్చు. మనం సైగ చేస్తుంటే వారు తమ చేతులు మన చేతులపై ఆనించి గ్రహిస్తారు. చదువుకున్నవారికి అరచేతిలో వేలితో ఒక్కో అక్షరం రాయవచ్చు. ఒత్తులూ గుణింతాలూ చిక్కుపడతాయి కనుక ఇంగ్లీషు పెద్దక్షరాలు సులువు. పుట్టుకతోనే రెండూ లేని పసివాళ్లకు వస్తువులే మాటలు. చెంచా చేతికిస్తే అన్నం, తువ్వాలు ఇస్తే స్నానం. రోజూ అదే వస్తువు, అదే వేళ. నెలల తరబడి ఇలా సాగితే గానీ బిడ్డ తనంత తానే చెంచా తెచ్చి అమ్మ చేతిలో పెట్టడు. పెట్టిన రోజు ఆ ఇంట్లో ఈదే!

దావత్‌లో ఇలాంటివారు కలిస్తే భుజంపై మెల్లగా చెయ్యి వేసి కాసేపు ఉంచండి. మీ ఉంగరమో గడియారమో, ప్రతిసారీ ఒకే గుర్తు తాకనివ్వండి. చెయ్యి పట్టి లాక్కుపోవద్దు. చెప్పకుండా లేచిపోవద్దు, వారు ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉండిపోతారు. వారికి అజాన్ వినపడదు, నెలవంక కనపడదు. ఇఫ్తార్ వేళయిందని ఎవరో ఒకరు చేతిలో ఖర్జూరం పెట్టి తెలపాలి.

1995 నాటి వికలాంగుల చట్టంలో వీరి ప్రస్తావన విడిగా లేదు. 2016 చట్టం 21 వైకల్యాలను గుర్తిస్తూ వీరిని బహుళ వైకల్యం కింద చేర్చింది, ఉద్యోగ రిజర్వేషన్‌లోనూ చోటిచ్చింది. 2011 జనగణనలో మాత్రం వీరికి వేరే గడి లేదు. లెక్కకు రానివారి కోసం నిధులు అడగడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. అందుకే యూడీఐడీ కార్డుకు వెళ్లినప్పుడు కన్నూ చెవీ రెండూ పరీక్ష చేయించి నమోదు చేయించమని కుటుంబాలకు గట్టిగా చెబుతున్నాం.

ఇక విరాళం సంగతి. ఏ యంత్రం కొనివ్వాలని దాతలు అడుగుతారు. బ్రెయిలీ పరికరాలు అవసరమే, కాదనం. కానీ హెలెన్ కెల్లర్‌ను తలచుకోండి. 1887 నుంచి 1936లో కన్నుమూసే దాకా ఆమె చేతిలో వేళ్లతో అక్షరాలు పలికింది టీచరు ఆన్ సల్లివాన్. 1955లో హెలెన్ మన దేశానికి వచ్చినప్పుడు పక్కన ఉన్నది పాలీ థామ్సన్. ఇంటికెళ్లి బిడ్డ చేతులు పట్టుకుని నేర్పే శిక్షకురాలి నెల జీతం, ఆసుపత్రికీ ఆఫీసులకూ వెంట వెళ్లే దుబాసీ దారిఖర్చులు: మేము ముందుగా అడిగేది వీటికే.