అంతర్జాతీయ వైమానిక రోబోటిక్స్ పోటీ

అంతర్జాతీయ వైమానిక రోబోటిక్స్ పోటీ విశ్వవిద్యాలయ విద్యార్థుల జట్ల మధ్య జరిగే సాంకేతిక పోటీ. మనిషి ప్రమేయము లేకుండా తమంతట తామే ఎగిరి, పరిసరములను గ్రహించి, అప్పగించిన పనిని పూర్తి చేయగల యంత్రములను ఇందులో విద్యార్థులు తయారు చేయవలసి ఉంటుంది. ఇది 1991లో అమెరికా సంయుక్త రాష్ట్రములలోని అట్లాంటా నగరములో, జార్జియా టెక్ విద్యాసంస్థ ఆవరణలో మొదలయినది. ఈ తరహా పోటీలలో ఇది అన్నిటికంటె పాతది. దీనిని రూపొందించినవారు ఆ సంస్థకు చెందిన ఇంజనీరు రాబర్ట్ మైకెల్సన్.

పోటీ స్వభావము

సాధారణముగా పోటీలలో ప్రతి సంవత్సరము ఒక విజేత ఉంటాడు. ఈ పోటీ పద్ధతి వేరు. ఇక్కడ "మిషన్" అనే పేరుతో ఒక లక్ష్యమును నిర్దేశిస్తారు. ప్రకటించిన నాటికి ఆ పనిని చేయగల యంత్రము ప్రపంచములో ఏ ప్రభుత్వము వద్ద గాని, పరిశ్రమ వద్ద గాని ఉండకూడదన్నది నిర్వాహకుల ఉద్దేశము. లక్ష్యము నెరవేరే వరకు అదే మిషన్ ఏటేటా కొనసాగుతుంది. నెరవేరిన పిమ్మట దానిని ముగించి, అంతకంటె కఠినమైన మరొక దానిని ప్రకటిస్తారు. కనుక ఒక మిషన్ ఆరంభములో చేరిన విద్యార్థి, దాని ముగింపును చూడకుండానే పట్టా పుచ్చుకొని వెళ్ళిపోవచ్చును. అతడు వ్రాసిన ప్రోగ్రామును తరువాతి తరగతివారు అందుకొని ముందుకు తీసికొని పోతారు.

స్వయంచాలకత అనగా

రేడియో పరికరముతో నడిపే విమానములో కన్ను, మెదడు రెండూ నేలమీది మనిషివే. యంత్రము అతని ఆజ్ఞను మాత్రమే పాటిస్తుంది. స్వయంచాలక యంత్రములో కన్ను స్థానములో కెమెరా, లేజరు వంటి గ్రాహకములు, మెదడు స్థానములో కంప్యూటరు ప్రోగ్రాము ఉంటాయి. ఆ ప్రోగ్రాము ఎడతెగకుండా మూడు ప్రశ్నలకు జవాబు వెదకుతూ ఉండాలి: నేను ఎక్కడ ఉన్నాను? నా చుట్టూ ఏమున్నది? ఇప్పుడు ఏమి చేయవలెను? నేలమీది రోబోటుకు సందేహము వస్తే ఆగి ఆలోచించవచ్చును. గాలిలో ఉన్న యంత్రమునకు ఆ వెసులుబాటు తక్కువ. లెక్క కొద్దిగా ఆలస్యమైనా అది అదుపు తప్పుతుంది.

తొలి నాలుగు మిషన్లు

మొదటి మిషన్‌లో లోహపు బిళ్ళను మైదానములో ఒక వైపు నుండి మరొక వైపునకు చేర్చాలి. వినుటకు చిన్న పనిగా తోచినా, ఆనాడు అది అసాధ్యమని పలువురు నిపుణులు భావించారు. 1995లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ జట్టు ఒక బిళ్ళను తీసికొని ఆవలి వైపునకు చేర్చినది.

రెండవ మిషన్‌లో విషపదార్థముల పీపాలు పాతిపెట్టిన స్థలమును గాలిలో నుండి పరిశీలించి, వాటి ఉనికిని, వాటిపై గల హెచ్చరిక చిహ్నములను గుర్తించాలి. 1996లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.), బోస్టన్ విశ్వవిద్యాలయముల ఉమ్మడి జట్టు ఐదు పీపాల స్థానములను సరిగా గుర్తించినది. మరుసటి సంవత్సరము కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ జట్టు అన్ని పీపాలను గుర్తించినది.

మూడవది విపత్తు స్థలములో గాలింపు. మంటలు, పొగ, శిథిలముల నడుమ బ్రతికి ఉన్నవారెవరో, మరణించినవారెవరో గుర్తించాలి. క్షతగాత్రులకు బదులుగా కదలగల బొమ్మలను ఉంచేవారు. 2000లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయము వారి "మార్విన్" హెలికాప్టరు ఈ పనిని సాధించినది.

2001లో మొదలయిన నాలుగవ మిషన్ ఎనిమిదేళ్ళు సాగినది. మూడు కిలోమీటర్లు ప్రయాణించి, గుర్తు గల భవనమును కనుగొని, అందులో తెరచి ఉన్న ద్వారమును వెదకి, లోపలికి ఒక చిన్న పరికరమును పంపి, అక్కడి చిత్రములను తెప్పించాలి. ఇదంతా 15 నిముషములలో పూర్తి కావాలి. 2008 నాటికి ఇందలి ప్రతి భాగమును జట్లు విడివిడిగా చేసి చూపగలిగాయి గాని, అన్నిటినీ ఒకే వరుసలో ఆ గడువులోపల ఏ జట్టూ పూర్తి చేయలేకపోయినది. మిషన్‌ను ముగించి, బహుమతి సొమ్మును తుది జట్లకు పంచారు.

భవనము లోపలికి

2009లో వచ్చిన ఐదవ మిషన్ భవనము లోపలి సంచారమునకు సంబంధించినది. ఆరుబయట ఎగిరే యంత్రములు జి.పి.ఎస్. సహాయముతో తమ స్థానమును తెలిసికొంటాయి. సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహముల నుండి వచ్చే ఆ సంకేతములు మిక్కిలి బలహీనమైనవి. గోడలను దాటి లోపలికి సరిగా చేరవు. ఎం.ఐ.టి. జట్టు నాలుగు రెక్కల చిన్న యంత్రమునకు లేజరు దూరమానినిని అమర్చినది. లేజరు కిరణము గోడకు తగిలి తిరిగి వచ్చుటను బట్టి దూరము తెలుస్తుంది. అటువంటి అనేక దూరములను కలిపి, యంత్రము ఎగురుతూనే గదుల పటమును గీసికొని, ఆ పటములోనే తన స్థానమును గుర్తించుకొన్నది. బరువైన కంప్యూటరును మోయలేదు గనుక, లెక్కలలో అధిక భాగము నేలమీది కంప్యూటర్లలో జరిగినది. మనిషి మాత్రము కల్పించుకొనలేదు. ఆ సంవత్సరమే మిషన్ పూర్తయినది.

ఆరవ మిషన్‌లో భవనములోని ఒక గదిలో గల చిన్న ఫ్లాష్ డ్రైవును తీసికొని, దాని చోట నకిలీని ఉంచి బయటపడాలి. 2013లో చైనాలోని త్సింగ్హువా విశ్వవిద్యాలయ జట్టు దీనిని నెరవేర్చినది.

కదిలే లక్ష్యములు

ఏడవ మిషన్ (2014–2018) గొర్రెల కాపరి పనిని పోలి ఉన్నది. 20 మీటర్ల చదరములో తిరిగే పది నేల రోబోటులను ఒక అంచు వైపునకు తోలాలి. పైన తాకితే రోబోటు 45 డిగ్రీలు తిరుగుతుంది. ముందు అడ్డు నిలిస్తే వెనుకకు మళ్ళుతుంది. అవి ఇరవై సెకన్లకొకసారి వాటంతట అవే దిశ మార్చుకొంటాయి. పొడవైన స్తంభములు గల మరి నాలుగు రోబోటులు దారికి అడ్డుగా తిరుగుతుంటాయి. ఆనవాలు పట్టుటకు గోడలు లేవు. ఎదుటి వస్తువు ఏమి చేయబోవునో ముందుగా ఊహించుట ఇక్కడి అసలు పరీక్ష. 2018లో చైనాలోని ఝెజియాంగ్ విశ్వవిద్యాలయ జట్టు దీనిని పూర్తి చేసినది.

ఎనిమిదవ మిషన్‌లో ఒక మనిషికి నాలుగు యంత్రములు తోడుగా ఉంటాయి. అతడు మాటలతోను, సైగలతోను మాత్రమే వాటికి పని చెప్పాలి. తాళము వేసిన పెట్టెలను తెరచుటకు కావలసిన సంకేతమును అవి పైనుండి చదివి అతనికి అందించాలి.

ప్రాముఖ్యత

విషవాయువు, అగ్ని, రేడియో ధార్మికత ఉన్న చోటికి మనిషిని పంపితే ప్రాణమునకే ముప్పు. అటువంటి చోట రేడియో సంకేతములు కూడ తెగిపోవచ్చును. అప్పుడు తానుగా నిర్ణయించుకోగల యంత్రమే ఉపయోగపడుతుంది. పై మిషన్లలో ఎక్కువ భాగము ఈ అవసరమును దృష్టిలో ఉంచుకొని రూపొందినవే. గురి తప్పిన యంత్రము మైదానములో కూలితే నష్టము ఒక సంవత్సరపు శ్రమ మాత్రమే. నిజమైన విపత్తులో తప్పితే నష్టము మనుష్యుల ప్రాణములు. ఈ పోటీలో విజయముతో పాటు వైఫల్యమునకు కూడ విలువ ఉండుటకు కారణము ఇదే.