కొత్త నీటిలో తొలి ఘడియలు

ఇంట్లో అక్వేరియం ఉండాలన్న ముచ్చట నేడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి పట్టణాలకూ చేరింది. ఫోనులో రంగురంగుల పగడాల తొట్టెలను చూసిన పిల్లలు అలాంటిదే కావాలని మారాం చేస్తారు. వారిని కసరడం కంటే, ఆ కోరిక వెనుకనున్న శాస్త్రాన్నీ చట్టాన్నీ ఓపికగా వివరించడమే మేలని మేము భావిస్తున్నాము.

పగడం రాయి కాదు, మొక్కా కాదు, ప్రాణి. పాలిప్ అనే చిన్న జీవులు వేలాదిగా కలిసి తమ అడుగున సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి దేహంలో కంటికి ఆనని శైవలాలు నివసిస్తాయి. అవి వెలుగు సాయంతో ఆహారం తయారుచేసి, తమకు చోటిచ్చిన ప్రాణికి పంచుతాయి. నీరు మరీ వేడెక్కినా, వెలుగు అకస్మాత్తుగా పెరిగినా ఈ పొత్తు చెడుతుంది. శైవలాలను కోల్పోయిన పగడం తెల్లబారుతుంది. ఆ స్థితి కొనసాగితే ఆకలితో మరణిస్తుంది. 2024లో లక్షద్వీప్ పగడాలకు ఈ ఆపదే వచ్చింది.

అందుకే చట్టం అనుమతించే దేశాలలో కొత్త పగడాన్ని తెచ్చినవారు వెంటనే తొట్టెలో దింపరు. మూసిన సంచిని 15 నుంచి 20 నిమిషాలు నీటిపై తేలనిచ్చి వేడిని సమం చేస్తారు. పిమ్మట తొట్టె నీటిని బొట్టుబొట్టుగా కలుపుతూ అక్కడి ఉప్పదనానికి అలవాటు చేస్తారు. పురుగులు పోయేందుకు మందునీటిలో ముంచి తీస్తారు. మొదట మసక వెలుగులో ఉంచి, కొన్ని వారాలలో వెలుగును మెల్లగా పెంచుతారు.

మన దేశంలో మాత్రం ఆ ముచ్చటకు తావు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టే పగడాలన్నింటినీ 2001లో చేర్చారు. పులితో పాటు పగడమూ అదే షెడ్యూలులో ఉంది. వాటిని సేకరించడం, అమ్మడం నేరాలు. 3 నుంచి 7 సంవత్సరాల జైలుశిక్ష పడవచ్చు. ‘ఎవరూ అడగర’న్న వ్యాపారి మాట నమ్మి ఏ కుటుంబమూ చిక్కుల్లో పడరాదు.

అయితే ప్రాణిని కొత్త నీటికి అలవాటు చేసే విద్య మన చెరువు గట్లకు తెలియనిది కాదు. భూపాలపల్లి జిల్లాలోని గణపురం చెరువు, మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు కాకతీయుల నాటివి. తెలంగాణ చెరువులలో 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను వదిలిస్తోంది. బొచ్చె, రవ్వ పిల్లలు ఆక్సిజన్ నింపిన సంచులలో వస్తాయి. అనుభవమున్న మత్స్యకారులు సంచులను కొంతసేపు చెరువులో తేలనిచ్చి, మూతి విప్పి, చెరువు నీటిని కొద్దికొద్దిగా కలిపి, పిల్లలు తమంతట తామే ఈదిపోయేలా వదులుతారు.

ఇంటి మంచినీటి తొట్టెకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. చేపల విసర్జనలో అమ్మోనియా ఉంటుంది. దానిని హాని తక్కువ పదార్థంగా మార్చే బ్యాక్టీరియా తొట్టెలో స్థిరపడడానికి కొన్ని వారాలు పడుతుంది. కొత్త తొట్టెలో ఒకేసారి పది చేపలు వేస్తే అవి చనిపోవడానికి తరచూ ఇదే కారణం. కనుక ముందు రెండు మూడింటితో ఆరంభించాలి. నల్లా నీటిలోని క్లోరిన్ పోయేందుకు ఒక రోజు వెడల్పాటి పాత్రలో నిలవ ఉంచాలి, లేదా అక్వేరియం దుకాణాలలో దొరికే క్లోరిన్ విరుగుడు వాడాలి. సంచిని తేలనిచ్చాక, అయిదు నిమిషాలకొకసారి చిన్న గ్లాసెడు తొట్టె నీరు అందులో పోస్తూ అరగంట గడపాలి. తరువాత సంచి నీటిని పారబోసి, చేపను మాత్రమే వలతో తొట్టెలోకి మార్చాలి. ఆ రోజు దీపం ఆర్పి, మేత వేయకుండా వదిలేయాలి. మే నెల ఎండలకు తొట్టెను కిటికీకి దూరంగా పెట్టాలి.

ఆ గ్లాసును పిల్లల చేతికే ఇవ్వండి. ఆ అరగంట నిరీక్షణలో, తాము తెచ్చుకున్నది ఆటవస్తువు కాదని, తమపై ఆధారపడిన ఒక ప్రాణమని వారికి అర్థమవుతుంది.