మంటను కనిపెట్టే కడ్డీ: ఇంటి ఫర్నేస్ విడిభాగాల వెనుక సైన్సు

2019 జనవరి 30న షికాగోలోని ఓహేర్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పడిపోయింది. అలాంటి రాత్రి ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్న ఫర్నేస్ వెలిగి, అయిదారు సెకన్లకే ఆరిపోయిందనుకుందాం. మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరుతుంది. మూడు నాలుగుసార్లు ప్రయత్నించి ఇక మొరాయిస్తుంది. లోపలి బోర్డు మీద ఒక చిన్న ఎర్రదీపం మాత్రం లెక్కపెట్టినట్టు మినుకుమంటూ ఉంటుంది. కొన్ని గంటలు గడిస్తే ఇల్లు చలికి బిగుసుకుపోతుంది, ఆ తరవాత నీటి గొట్టాలు గడ్డకట్టి పగలడం మొదలవుతుంది. ఇంత ఉపద్రవానికీ కారణం చాలాసార్లు అగ్గిపుల్ల కంటే కాస్త పొడవుండే ఒక లోహపు కడ్డీ. దాని ధర పది ఇరవై డాలర్లు. నిజానికి దాన్ని కొనవలసిన అవసరం కూడా లేకపోవచ్చు.

నిఘంటువులో ఫర్నేస్ అంటే కొలిమి అని ఉంటుంది. ఉత్తర అమెరికా ఇళ్లలోని ఫర్నేస్‌కు ఆ పేరు మరీ అంత దూరమైనది కాదు. కొలిమికి తిత్తి ఉన్నట్టే దీనికి బ్లోయర్ ఉంటుంది. ఒక తేడా ముఖ్యం. కొలిమిలో గాలి నిప్పుకే తగులుతుంది. ఫర్నేస్‌లో మంట ఒక మూసిన ఉక్కు గొట్టాల్లో మండుతుంది, ఇంటి గాలి ఆ గొట్టాల బయటి నుంచి పారి వేడెక్కి గదులకు చేరుతుంది. మంటలోని పొగ ఒక దారిన బయటికి, వెచ్చని గాలి మరో దారిన ఇంట్లోకి. ఈ రెండూ ఎక్కడా కలవకూడదు. న్యూజెర్సీకో మిషిగన్‌కో పిల్లల దగ్గరికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులకు గోడలోని జాలీ నుంచి వెచ్చటి గాలి రావడమే తెలుస్తుంది, పొయ్యి ఎక్కడుందో కనిపించదు.

అదే న్యూజెర్సీలో నివసించిన ఆలిస్ పార్కర్ అనే నల్లజాతి మహిళ 1919లో గ్యాస్‌తో నడిచే ఇంటి ఫర్నేస్‌కు పేటెంట్ పొందారు. బొగ్గు ఎత్తిపోసే రోజుల్లో అది చాలా ముందుచూపున్న ఆలోచన. తరవాతి వందేళ్లలో గ్యాస్ ఫర్నేస్‌లో వచ్చిన మార్పుల్లో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. గదిలో ఎవరూ లేనప్పుడు, గ్యాస్ నిజంగా మండుతోందో లేదో యంత్రానికి ఎలా తెలియాలి? మండకుండా గ్యాస్ వస్తూనే ఉంటే ఇల్లు బాంబే.

పాత ఫర్నేసుల్లో దీనికి జవాబు థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాల తీగలను ఒక కొసన కలిపి, ఆ కొసను వేడి చేస్తే స్వల్ప విద్యుత్తు పుడుతుందన్నది 1821 నాటి థామస్ సీబెక్ పరిశోధన నుంచి తెలిసిన విషయం. ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న పైలట్ మంటలో ఆ కొస ఉంటుంది. పుట్టేది దాదాపు 30 మిల్లీ వోల్టులు. టార్చిలైటు సెల్లులో దాదాపు యాభయ్యో వంతు మాత్రమే. అయినా ఒక చిన్న విద్యుదయస్కాంతాన్ని పట్టి ఉంచడానికి అది చాలు. ఆ అయస్కాంతం గ్యాస్ వాల్వును తెరిచి ఉంచుతుంది. పైలట్ ఆరితే తీగ చల్లబడుతుంది, అయస్కాంతం పట్టు వదులుతుంది, స్ప్రింగ్ వాల్వును మూసేస్తుంది. కరెంటు లేకపోయినా, ఎలక్ట్రానిక్స్ లేకపోయినా పనిచేసే కాపలా ఇది. దీని లోపం నెమ్మది. తీగ చల్లబడేదాకా ఆగాలి. పైగా పైలట్ కోసం రాత్రింబగళ్లు గ్యాస్ కాలుతూనే ఉండాలి.

కొత్త ఫర్నేసుల్లో పైలట్ లేదు. మొదట చెప్పుకున్న కడ్డీ వచ్చి ఆ స్థానంలో నిలబడింది. దాన్ని ఫ్లేమ్ సెన్సర్ అంటారు. చాలామంది అది వేడిని కొలుస్తుందనుకుంటారు. కాదు. అది మంట గుండా విద్యుత్తు పంపి చూస్తుంది.

మామూలు గాలి విద్యుత్తును పోనివ్వదు. మంట పోనిస్తుంది. మీథేన్ మండేటప్పుడు జరిగే రసాయన చర్యల్లో కొన్ని అణువులు ఎలక్ట్రాన్లను కోల్పోయి ధనావేశ అయాన్లవుతాయి. హైడ్రోకార్బన్ మంటల్లో వీటిలో ఎక్కువగా కనిపించేది హైడ్రోనియం, అంటే నీటి అణువుకు ఒక ప్రోటాన్ అతుక్కున్న అయాన్. మంటలో ఇలాంటివి కొద్దిగానే ఉంటాయి గానీ, కడ్డీకీ బర్నర్‌కూ మధ్య ఏసీ వోల్టేజి పెడితే కొన్ని మైక్రో ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించడానికి సరిపోతాయి. ఒక మైక్రో ఆంపియర్ అంటే ఆంపియర్‌లో పదిలక్షల వంతు.

అసలు తెలివి ఇక్కడుంది. ఏసీలో దిశ సెకనుకు అనేకసార్లు మారుతుంది. కడ్డీ ధన ధ్రువమైనప్పుడు తేలికైన ఎలక్ట్రాన్లు చటుక్కున దాన్ని చేరుకుంటాయి, వాటికంటే వేల రెట్లు బరువైన అయాన్లను విశాలమైన బర్నర్ ఉపరితలం అందుకుంటుంది. దిశ తిరిగినప్పుడు ఆ బరువైన అయాన్లు సన్నని కడ్డీని వెతుక్కుని రావాలి, కాబట్టి కొద్దివే చేరతాయి. ఫలితంగా ఒక దిశలో ఎక్కువ, మరో దిశలో తక్కువ విద్యుత్తు పోతుంది. మొత్తం మీద అది డీసీలా కనిపిస్తుంది. బోర్డు వెతికేది ఆ డీసీ అంశాన్నే. తీగ తడిసి షార్ట్ అయినా విద్యుత్తు పోతుంది కదా, దాన్ని మంట అని పొరబడదా? పడదు. షార్ట్‌లో విద్యుత్తు రెండు దిశల్లోనూ సమానంగా పోతుంది. ఒకవైపుకు మొగ్గు చూపించేది మంట ఒక్కటే. మంటే డయోడ్‌లా పనిచేస్తుందన్నమాట. తప్పు జరిగే దారిని కూడా లెక్కలోకి తీసుకున్న ఇలాంటి రూపకల్పన ఇంటి యంత్రాల్లో అరుదు.

మరి అది ఎందుకు చెడుతుంది? కడ్డీ వేడిని తట్టుకునే ఇనుము, క్రోమియం, అల్యూమినియం మిశ్రమంతో చేసినది, అంత సులువుగా కాలిపోదు. దాని మీద పొర కడుతుంది. ఆ పొరలో తరచుగా ఉండేది సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. ఇసుక ఫర్నేస్‌లోకి ఎలా వచ్చిందంటే, గాలిలోంచి. తల నూనెకు బదులు రాసుకునే సీరమ్‌లు, డియోడరెంట్లు, కొన్ని పాలిష్‌లు, సీలెంట్లలో సిలికోన్ పదార్థాలు ఉంటాయి. వాటిలో కొన్ని తేలికగా ఆవిరై గాలిలో కలుస్తాయి. ఫర్నేస్ ఆ గాలినే పీల్చుకుని మండిస్తే సిలికోన్‌లోని సిలికాన్ ఆక్సిజన్‌తో కలిసి సిలికాగా మారి కడ్డీకి పట్టుకుంటుంది. సిలికా విద్యుత్ బంధకం. మంట భేషుగ్గా మండుతూనే ఉంటుంది, కానీ కడ్డీ నుంచి వచ్చే సంకేతం ఒక మైక్రో ఆంపియర్ కంటే కిందికి జారిపోతుంది. బోర్డుకు మంట లేనట్టే. గ్యాస్ ఆపేస్తుంది.

అందుకే కొత్త కడ్డీ కొనే ముందు పాతదాన్ని విప్పి సన్నని స్టీల్ ఊల్‌తో సున్నితంగా తుడిచి చూడటం మెకానిక్కులు చేసే మొదటి పని. విద్యుత్తు, గ్యాస్ రెండూ ఆపిన తరవాతే. తుడిచినా సంకేతం పెరగకపోతే, లేదా పింగాణీ భాగం పగిలి ఉంటే మార్చాలి. అయిదు నిమిషాల తుడుపుకు నయమయ్యేదానికి కొత్త ఫర్నేస్ అంటగట్టే అమ్మకందార్లు లేకపోలేదు. లోపల ఏం జరుగుతోందో తెలిసిన ఇంటివారి దగ్గర ఆ మాట చెల్లదు.

మంటను వెలిగించే ఇగ్నైటర్ కథ వేరు. అది నిజంగానే అరిగిపోయే వస్తువు. చాలాకాలం దాన్ని సిలికాన్ కార్బైడ్‌తో చేశారు. 1890ల్లో అమెరికాలో ఎడ్వర్డ్ అచిసన్ కృత్రిమ వజ్రాల కోసం ప్రయత్నిస్తూ తయారుచేసి, ఆకురాయి పొడిగా అమ్మిన పదార్థమిది. విద్యుత్తు పంపితే వెయ్యి డిగ్రీలు దాటి నారింజ రంగులో వెలుగుతుంది, కానీ సుద్దముక్కలా పెళుసు. రోజుకు ఎన్నోసార్లు వేడెక్కి చల్లారడంతో కొన్నేళ్లకు సన్నని పగులు వస్తుంది. బిగించేటప్పుడు వేళ్లతో తాకవద్దంటారు, చర్మపు జిడ్డు అంటిన చోట తొందరగా దెబ్బతింటుందని. తరవాత వచ్చిన సిలికాన్ నైట్రైడ్ ఇగ్నైటర్లు ఇంతకంటే గట్టివి.

గాలి కొట్టే మోటారు దగ్గరికి వస్తే తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే ఎదురవుతుంది. సీలింగ్ ఫ్యాన్ నీరసంగా తిరిగితే ఎలక్ట్రీషియన్ వచ్చి 2.5 మైక్రోఫారడ్ల కెపాసిటర్ మార్చి వెళతాడు. ఫర్నేస్‌లోని పాతరకం బ్లోయర్ మోటారుకూ అలాంటిదే ఉంటుంది, కాకపోతే అయిదో పదో మైక్రోఫారడ్లు. అదే జబ్బు, అదే మందు. విలువ మాత్రం పాతదానిపై రాసి ఉన్నదే ఉండాలి. స్విచ్ ఆపిన తరవాత కూడా కెపాసిటర్‌లో ఆవేశం నిలిచి షాక్ కొడుతుందని మరవకూడదు. అమెరికాలో 2019 నుంచి అమల్లోకి వచ్చిన ఇంధన సామర్థ్య నిబంధనల వల్ల కొత్త ఫర్నేసుల్లో ఎలక్ట్రానిక్ మోటార్లు వచ్చాయి. మన దగ్గర బీఎల్‌డీసీ ఫ్యాన్లలో ఉన్న సాంకేతికత ఇదే. కరెంటు ఆదా అవుతుంది, కానీ చెడితే కెపాసిటర్ ధరతో పని కాదు, ఖరీదైన ఎలక్ట్రానిక్ మాడ్యూలో మొత్తం మోటారో మార్చాలి. ఆదా అయిన దాంట్లో కొంత మరమ్మతు తినేస్తుందన్న ఫిర్యాదులో న్యాయం ఉంది.

ఇక మిగిలినవి కాపలాదార్లు. లిమిట్ స్విచ్‌లో రెండు లోహాల బిళ్ల ఉంటుంది. అతిగా వేడెక్కితే వంగి మంటను ఆపిస్తుంది. ప్రెషర్ స్విచ్ ఒక పల్చని పొరతో, పొగను బయటికి లాగే చిన్న ఫ్యాన్ నిజంగా లాగుతోందా అని చూస్తుంది. వీటితో వచ్చే చిక్కు ఏమిటంటే, ఫర్నేస్ ఆగినప్పుడు ఎర్రదీపం వీటి వైపే వేలు చూపిస్తుంది. లిమిట్ స్విచ్ పోయిందని మారుస్తారు, కొత్తదీ ఆగుతుంది. అసలు దోషం మూడు నెలలుగా మార్చని ఎయిర్ ఫిల్టర్‌ది. దుమ్ము పేరుకుని గాలి ఆడక లోపల వేడి పెరిగింది. స్విచ్ తన పని తాను చేసింది. వార్త తెచ్చినవాణ్ణి కొట్టినట్టు ఉంటుంది ఆ మరమ్మతు. ఇంతకంటే ప్రమాదం, స్విచ్‌ను తప్పించి తీగ ముక్కతో రెండు కొసలూ కలిపేయడం. ఫర్నేస్ నడుస్తుంది. కాపలా మాత్రం ఉండదు.

ఆ కాపలా ఎందుకో ఉక్కు గొట్టాల దగ్గర తెలుస్తుంది. వేడికి సాగి, చల్లారి కుంచించుకుపోయే లోహం ఏళ్ల తరవాత పగలవచ్చు. పొగ దారి మూసుకుపోయినా, గాలి చాలక మంట సరిగా మండకపోయినా కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజర్ పెట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు భారతదేశంలో ప్రతి చలికాలం వస్తూనే ఉంటాయి. వాటి వెనుక ఉన్న వాయువు ఇదే. పగిలిన హీట్ ఎక్స్‌చేంజర్‌కు అతుకు వేయరు. ఆ భాగాన్ని మార్చాలి, లేదంటే ఫర్నేస్‌నే మార్చాలి.

విడిభాగం కొనేటప్పుడు చూడవలసింది ఆకారం కాదు, ఫర్నేస్ తలుపు లోపల అంటించిన పలక మీది మోడల్ సంఖ్య. చూడటానికి ఒకేలా ఉండే రెండు ప్రెషర్ స్విచ్‌లు వేర్వేరు ఒత్తిళ్ల దగ్గర పనిచేయవచ్చు. గ్యాస్ జెట్టు సంగతి మరీ ముఖ్యం. ఒకే ఘనపరిమాణంలో ప్రొపేన్ ఇచ్చే వేడి మీథేన్ కంటే దాదాపు రెండున్నర రెట్లు, కాబట్టి దాని జెట్టు రంధ్రం చిన్నది. సిలిండర్ నుంచి పైపు గ్యాస్‌కు మారిన హైదరాబాద్, విజయవాడ ఇళ్లలో స్టవ్ జెట్లు మార్చింది కూడా ఇందుకే.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుపాను వచ్చినప్పుడు ఏ విడిభాగమూ అక్కరకు రాలేదు. డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు, లక్షల ఇళ్లకు కరెంటు లేదు. గొట్టంలో గ్యాస్ ఉన్నా బ్లోయరూ బోర్డూ కరెంటుతోనే నడుస్తాయి. వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు ఇంజిన్ నడిపి, ఇంట్లో జనరేటర్ పెట్టుకుని కార్బన్ మోనాక్సైడ్‌కు బలైనవారు ఉన్నారు.

కొత్తతరం ఫర్నేసుల్లో మరో చిత్రమైన చిక్కు ఉంది. ఒక కిలో మీథేన్ మండితే రెండుంపావు కిలోల నీరు పుడుతుంది. పాతవాటిలో అది ఆవిరిగా చిమ్నీలోంచి పోయేది. 90 శాతం పైన సామర్థ్యం ఉన్నవి ఆ ఆవిరిని చల్లార్చి నీటిగా మార్చి, అందులో దాగిన వేడిని కూడా రాబడతాయి. పొగలోని వాయువులు కరగడంతో ఆ నీరు ఆమ్లమవుతుంది, అందుకే అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు వాడతారు. నీరు సన్నని ప్లాస్టిక్ గొట్టంలోంచి బయటికి పోతుంది. ఆ గొట్టం వెచ్చదనం లేని గ్యారేజీ మీదుగానో అటక మీదుగానో పోతుంటే, చలి మరీ ముదిరిన రాత్రి అందులోని నీరు గడ్డకడుతుంది. వెనక్కి నిండిన నీరు పొగదారికి అడ్డుపడుతుంది, ప్రెషర్ స్విచ్ తెరుచుకుంటుంది, ఎర్రదీపం మినుకుమంటుంది. కొత్త స్విచ్ బిగించినా ఫర్నేస్ వెలగదు. గడ్డకట్టిన చోట గొట్టం మీద గోరువెచ్చని నీళ్లు పోసి మంచు కరిగిస్తే వెలుగుతుంది.