పాటకు సాయం అడగాలంటే

శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. ఆడవాళ్ళూ రంగులు వేస్తారు. బొమ్మలాట పాటలు చాలావరకు పెద్దల నోళ్ళలోనే ఉన్నాయి. వాళ్ళు పోతే పాటలూ పోతాయి.

వాటిని సేకరించాలంటే ఊళ్ళు తిరగాలి. పని మానుకోవాలి. మరి ఇల్లు గడిచేదెలా?

ఇలాంటి పనికి కేంద్ర సాంస్కృతిక శాఖ ఫెలోషిప్ ఇస్తుంది. ఇది అప్పు కాదు. 25 నుంచి 40 ఏళ్ళ వారికి నెలకు 10 వేలు, 40 దాటితే 20 వేలు, రెండేళ్ళపాటు. అందరికీ రాదు. ఎంపిక ఉంటుంది. నిబంధనలు ముందే చదవాలి.

“పేదవాళ్ళం, సాయం చేయండి” అని రాస్తే చాలదు. ఏ పాటలు? ఎవరి దగ్గర ఉన్నాయి? రెండేళ్ళలో ఏం చేసి చూపిస్తారు? అదంతా రాయాలి.

దరఖాస్తు ఎవరి పేరున ఉంటే డబ్బు వారిదే. పని భార్యది, సంతకం భర్తది అయితే ఎలా?