కడుపులో నిప్పున్న బొమ్మ

సంతలో ఎద్దును కొనే రైతు కొమ్ములకు పూసిన రంగు చూసి బేరమాడడు. నోరు తెరిపించి పళ్లు చూస్తాడు, నడక చూస్తాడు, వీలైతే కాడి కట్టి లాగించి మరీ చూస్తాడు. బ్రిటన్‌లో చిన్న ఆవిరి రైలింజిన్ కొనబోయే మనిషి చెయ్యాల్సిందీ అదే.

చిన్నదంటే అద్దాల బీరువాలో పెట్టుకునే బొమ్మ కాదు. బొగ్గు తిని, నీళ్లు తాగి, వెనక బండిలో కూర్చున్న పెద్దవాళ్లను లాక్కుపోయే ఇంజిన్. అక్కడి క్లబ్బుల పట్టాల మధ్య ఎడం ఎక్కువగా 3½, 5 లేదా 7¼ అంగుళాలు ఉంటుంది. 5 అంగుళాల పట్టాల మీద నడిచే ఇంజిన్ పొడవులో అసలు దానికి దాదాపు పదకొండో వంతు. ఉద్యోగం నుంచి ఇంటికొచ్చి, రాత్రిపూట లేతు దగ్గర నిలబడి ఒక్క మనిషి దాన్ని పూర్తి చెయ్యాలంటే ఏళ్లు పడుతుంది. అంత శ్రమకు వెల కట్టడం ఎలా?

రంగుతో మాత్రం మొదలుపెట్టకూడదు. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ ఇంజిన్లకు సరిగ్గా సరిపోతుంది. తళతళలాడే ఇత్తడి గుమ్మటం వెనక కారే బాయిలర్ ఉండొచ్చు. మసిపట్టి, రంగు పెచ్చులూడిన ఇంజిన్ ఇరవై ఏళ్లుగా వారం వారం పిల్లల్ని తిప్పుతూ ఉండొచ్చు.

ముందు చూడాల్సింది బాయిలర్. ఇంజిన్ మొత్తంలో ఖరీదైనదీ అదే, ప్రమాదం దాగినదీ అక్కడే. మన వంటింటి కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 15 పౌన్లు. ఈ చిన్న బాయిలర్లలో అది 80 నుంచి 100 దాకా ఉంటుంది. అందుకే రాగి రేకుల్ని వెండి కలిపిన మాటుతో అతుకుతారు. నీరూ ఆవిరీ తగిలే చోట బిగించిన బుష్షులు కంచువై ఉండాలి. ఇత్తడివైతే అందులోని జింకు మెల్లగా కరిగిపోయి, లోహం గుల్లబారి మిగులుతుంది. చిన్న అద్దం, టార్చిలైటు పట్టుకుని నిప్పు మండే ఫైర్‌బాక్స్‌లోకి తొంగిచూడాలి. గోడ ఎక్కడైనా ఉబ్బిందా? అతుకుల పక్కన తెల్లటి, ఆకుపచ్చటి చారలున్నాయా? చార కనబడిందంటే అక్కడ నీరు కారుతోందన్నమాట.

ఆ తర్వాత కాగితాలు. క్లబ్బుల్లో బాయిలర్లను పరీక్షించే అనుభవజ్ఞులుంటారు. కొత్త బాయిలర్‌ను నీళ్లతో నింపి, పనిచేసే ఒత్తిడికి రెట్టింపు పెట్టి చూస్తారు. తర్వాతి పరీక్షల్లో ఒకటిన్నర రెట్లు. నీళ్లతోనే ఎందుకంటే, నీరు నొక్కితే నలగదు. అతుకు విడిపోయినా కారుతుంది తప్ప పేలదు. అది నెగ్గాక నిప్పు వేసి, సేఫ్టీ వాల్వులు ఒత్తిడిని హద్దు దాటనివ్వకుండా వదులుతున్నాయో లేదో చూస్తారు. సర్టిఫికెట్ మీది నంబరూ, బాయిలర్ మీద గుద్దిన నంబరూ ఒకటే కావాలి. కాగితం లేని బాయిలర్ ఎంత అందంగా ఉన్నా, నేనైతే కొత్త బాయిలర్ ఖర్చును ధరలోంచి తీసేసిన తర్వాతే బేరానికి కూర్చోమంటాను.

చాలామంది అమ్మకందార్లు ఇంజిన్‌ను దిమ్మెల మీద ఎక్కించి, కంప్రెసర్ గాలితో చక్రాలు తిప్పి చూపిస్తారు. తక్కువ గాలికే నున్నగా తిరిగితే సిలిండర్ల పనితనం మంచిదనే అర్థం. కానీ గాలి బాయిలర్ గురించి ఏమీ చెప్పదు, పంపులూ ఇంజెక్టరూ నీళ్లు తోడతాయో లేదో చెప్పదు. నిప్పు వెయ్యమని అడగాలి. రెండు సిలిండర్ల ఇంజిన్ చక్రం ఒక్క చుట్టు తిరిగితే పొగగొట్టంలో నాలుగు దెబ్బలు వినబడతాయి. తకధిమి అన్నట్టు నాలుగూ సమానంగా పడాలి. ఒక దెబ్బ ఆలస్యమైతే వాల్వుల అమరిక తప్పిందన్నమాట. అదొక్కటే లోపమైతే కొనకుండా వెళ్లిపోనక్కర్లేదు. ఓపికున్నవాడు సరిచేసుకోగలడు.

ఇలా పనిని బట్టి విలువ కట్టాలన్న పట్టుదలకు వందేళ్ల చరిత్ర ఉంది. 1898లో మొదలైన ‘మోడల్ ఇంజినీర్’ పత్రికలో 1920ల నుంచి ఎల్‌బీఎస్‌సీ అనే కలం పేరుతో ఒకాయన రాసేవాడు. తాను పనిచేసిన లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వే పొడి అక్షరాలే ఆ పేరు. అంత చిన్న ఇంజిన్ బొగ్గుతో నడిచి మనుషుల్ని లాగుతుందా అని పెద్ద వాదం రేగితే, ‘అయేషా’ అనే 2½ అంగుళాల ఎడమున్న పట్టాల మీద నడిచే ఇంజిన్‌తో లాగించి చూపించాడు. ఆయన పాఠంలోని కీలకం ఇది: ఇంజిన్‌ను కుదించగలం గానీ నిప్పునీ నీటినీ కుదించలేం. అసలు బాయిలర్‌లో ఉన్నన్ని గొట్టాల్ని అదే నిష్పత్తిలో పెడితే, అవి సూదుల్లా మారి మసితో పూడుకుపోతాయి. అందుకే కొలతకు అణువణువూ సరిపోయే నమూనా కంటే, తెలిసి కాస్త తప్పిన నమూనాయే మంచి ఇంజిన్ అవుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే.

1969 నుంచి ఈ చిన్న ఇంజిన్లకు ఇమ్‌లెక్ అనే పోటీ జరుగుతోంది. అందులో రంగుకు మార్కులుండవు. బొగ్గు తూచి ఇస్తారు. ఇంజిన్ వెనక కొలత బండి కట్టి, ఎంత లాగింది, ఎంత దూరం లాగింది అన్నది లెక్కగడతారు. కాలిన బొగ్గులోని శక్తిలో ఎక్కువ పాలు పనిగా మార్చినదానిదే గెలుపు. గెలిచిన ఇంజిన్ కూడా నూటికి రెండు మూడు పాళ్ల దగ్గరే ఆగుతుంది. ఆ కాస్త కోసం నడిపేవాడు పారతో బొగ్గు పలుకులు లెక్కపెట్టినట్టు వేస్తాడు.

పాతకాలపు ప్రసిద్ధ తయారీల సంగతి వేరు. బాసెట్-లోక్ వంటి పేరున్న ఇంజిన్‌కు ఉత్సాహం కొద్దీ కొత్త రంగు వేస్తే విలువ పడిపోతుంది. అక్కడ పెచ్చులూడిన పాత రంగే ఆస్తి.

ఇక సగంలో ఆగినవి. చేసే మనిషి పోతాడు, ఇంట్లోవాళ్లు షెడ్డు తెరిచి చూస్తే ఛాసిస్, చక్రాలు, డబ్బాల్లో పోతపోసిన భాగాలు. అలాంటివి తరచుగా లోపలి సరుకు కొన్న ధర కూడా రాకుండా అమ్ముడవుతాయి. వేల గంటల పనికి వెల సున్నా. తెలిసినవాడు ఆ ఇంట్లోవాళ్ల తెలియనితనాన్ని లాభం చేసుకోవడం తప్పని నా గట్టి నమ్మకం. వాళ్లకు న్యాయమైన ధర చెప్పి, కొన్నాక ఆయన డ్రాయింగులు కూడా అడగాలి. అంచుల్లో పెన్సిలుతో దిద్దుకున్న కొలతలుంటాయి. చెయ్యి ఎక్కడ ఆగిందో అవే చెబుతాయి, అక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు.