పిల్లల మోచేతులపై పసుపు గడ్డలా? అశ్రద్ధ చేయకండి

పిల్లల మోచేతులు, మోకాళ్ల మీద పసుపుపచ్చని గడ్డలు లేస్తే పులిపిర్లనో, కంపెనీల నీళ్ల వల్లనో అని గడ్డపోతారంలో అనుకోవడం సహజం. కానీ అది చర్మం కింద పేరుకున్న కొలెస్టరాల్ అనే కొవ్వు కావచ్చు.

ఈ జబ్బు పేరు ఫెమీలియల్ హైపర్‌కొలెస్టరాలిమియా. ఇది వంశపారంపర్యం. రక్తంలోని చెడు కొలెస్టరాల్‌ను కాలేయం సరిగా తీసివేయలేదు. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపం వస్తే జబ్బు తీవ్రమవుతుంది. ఇలా సుమారు 3 లక్షల మందిలో ఒకరికి ఉంటుంది. మేనరికాల్లో ముప్పు ఎక్కువ. వైద్యం అందకపోతే 20 ఏళ్లలోపే గుండెపోటు రావచ్చు.

గడ్డ కోయించినంత మాత్రాన జబ్బు పోదు. పత్యం ఒక్కటే చాలదు. మేము చెప్పేది ఒక్కటే: బిడ్డకు, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు కొలెస్టరాల్ రక్తపరీక్ష చేయించండి. డాక్టరు రాసిన మందులు మానకండి. ముందే మొదలుపెడితే గుండెను కాపాడుకోవచ్చు.