ఆకాశం నుంచి వచ్చి లెక్క తప్పించే కణం



ముందు ఒక చిన్న లెక్క చేయండి. 1 తీసుకుని పన్నెండుసార్లు రెట్టింపు చేస్తూ పోండి: 2, 4, 8, 16... చివరకు 4096 వస్తుంది. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి.

2003 మే నెలలో బెల్జియం దేశంలో ఎన్నికలు జరిగాయి. స్కార్‌బేక్ అనే చోట కంప్యూటర్ ఒక అభ్యర్థికి సరిగ్గా 4096 ఓట్లు ఎక్కువ చూపించింది. అన్ని ఓట్లు రావడం అసాధ్యం కాబట్టి అధికారులు మళ్లీ లెక్కపెట్టి తప్పు పట్టుకున్నారు. సాఫ్ట్‌వేర్‌లో లోపం దొరకలేదు. మెమరీలో ఒకే ఒక్క చోట 0 కాస్తా 1 అయిపోయిందని నిపుణులు భావించారు. ఆకాశం నుంచి వచ్చిన కణమే కారణమని అనుమానం, రుజువు మాత్రం లేదు.

ఆకాశం నుంచి కణాలేమిటి అంటారా? 1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో 5 కిలోమీటర్లకు పైగా ఎక్కి, పైకి పోయేకొద్దీ రేడియేషన్ పెరుగుతోందని కనిపెట్టారు. అవే కాస్మిక్ కిరణాలు. అవి గాలిని తాకి, న్యూట్రాన్ల వంటి కణాలను కిందికి కురిపిస్తాయి. భూమి లోపలికి పోతే ఇవి బాగా తగ్గుతాయి. అందుకే మన కోలారు బంగారు గనుల్లో, 2 కిలోమీటర్లకు పైగా లోతున ప్రయోగాలు పెట్టి, 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను గుర్తించారు.

ఇక చిప్ సంగతి. మెమరీలో ప్రతి గదిలోనూ రవ్వంత విద్యుదావేశం ఉంటుంది. అది ఉందా లేదా అన్నదాన్ని బట్టే 1 లేదా 0. న్యూట్రాన్ వచ్చి సిలికాన్ కేంద్రకాన్ని కొడితే, దాని ముక్కలు దారిపొడుగునా ఎలక్ట్రాన్లను విడిపిస్తాయి. ఆ ఆవేశం గదిలో చేరితే అంకె తిరగబడుతుంది. చిప్ మాత్రం పాడవదు, మళ్లీ రాస్తే మామూలే. అందుకే దీన్ని 'సాఫ్ట్ ఎర్రర్' అంటారు.

1978లో ఇంటెల్ ఇంజనీర్లకు ఇంకో దొంగ దొరికాడు. చిప్‌ను కప్పే సిరామిక్‌లో ఉన్న అతి కొద్ది యురేనియం, థోరియం ఆల్ఫా కణాలను వదులుతున్నాయి! ఆ తర్వాత ముడిసరుకు శుద్ధిపై శ్రద్ధ పెరిగింది.

ఇప్పుడు పరిశోధకులు సిలికాన్ కార్బైడ్, గాలియం నైట్రైడ్, వజ్రం వంటి పదార్థాలను పరీక్షిస్తున్నారు. ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి సిలికాన్‌లో కనీసం 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, వజ్రంలో సుమారు 5.5 కావాలి. వేడిని తట్టుకోవడంలో ఇవి మేలు. అలాగని అన్నీ పరిష్కారం కాలేదు. ఎక్కువ వోల్టేజీలో పనిచేసే సిలికాన్ కార్బైడ్ పరికరాలు అంతరిక్షంలోని బరువైన అయాన్లు తగిలి కాలిపోవచ్చు.

ఇది అంతరిక్షం గొడవ మాత్రమే కాదు. 2025 నవంబరులో, తీవ్రమైన సౌర రేడియేషన్ వల్ల విమాన నియంత్రణ సమాచారం చెడిపోవచ్చని తేలి, ఎయిర్‌బస్ సుమారు 6,000 ఏ320 తరహా విమానాలకు మార్పులు చేయించింది.

మరి మనం భయపడాలా? అక్కర్లేదండీ. ఈ కణాలు ఎప్పటినుంచో కురుస్తున్నవే. మీ ఫోన్ ఆగిపోతే చాలావరకు కారణం సాఫ్ట్‌వేరే.

పిల్లలూ, ఇంట్లో ఇది చేసి చూడండి. ఏడు 0, 1లు రాసి, మొత్తం 1ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా ఎనిమిదో అంకె చేర్చండి. మీరు చూడకుండా అమ్మనో నాన్ననో ఒక అంకె మార్చమనండి. 1లు బేసి అయ్యాయంటే తప్పు జరిగినట్టే. రెండు అంకెలు మారిస్తే ఏమవుతుంది? మీరే కనిపెట్టి సైన్సు టీచరుకు చెప్పండి.